మా ఏటి నీళ్ళు, వాళ్ళ ఉప్పు

వానంటే భయపడే మనుషులుంటారని పెళ్ళయ్యేదాకా నాకు తెలియదు. మాది వెలిగొండల దిగువన, రాపూరు పక్క మెట్ట ఊరు. ఎండాకాలంలో పడమట మబ్బు లేచిందంటే మా నాయన పంచె ఎగ్గట్టుకుని వీధిలోకి వచ్చి నిలబడేవాడు. ఉరుము వినపడితే మా అమ్మ పొయ్యి మీద కూర మాడుతున్నా పట్టించుకోకుండా బిందెలూ బానలూ తెచ్చి చూరు కింద పెట్టేది. ఒక్క గట్టి వాన పడితే చాలు, దుక్కి దున్నుకోవచ్చు.

యాభైల చివర్లో నన్ను ముత్తుకూరు దిగువన, ఉప్పుటేటి ఒడ్డున ఉన్న పల్లెకు ఇచ్చారు. మా ఊరి పక్కన ఇసకలో సన్నగా పారే కండలేరే అక్కడికి చేరేసరికి వెడల్పయి, సముద్రపు పోటు నీళ్ళు కలిసి ఉప్పుటేరవుతుంది. నన్ను పంపే రోజున మా నాయన ఆ మాటే చెప్పి ధైర్యం నింపాడు. “మన యేరు పోయే ఊరికే పోతావుండావు బిడ్డా, నీకేం బయం?” అన్నాడు.

అత్తగారింట్లో వాళ్ళకు ఉప్పు మడులున్నాయి. చలి తగ్గగానే ఏటి పోటు నీళ్ళను కాలవల్లోంచి మడుల్లోకి మళ్ళించి, ఎండకు ఇంకనిచ్చి, అడుగున గట్టిపడిన ఉప్పును చెక్క పలకలతో గట్టుకు లాగి కుప్ప పోస్తారు. మాకు పనిలేని ఎండాకాలమే వాళ్ళకు పంటకాలం. ఎండ ఎంత మండితే అంత మంచిది. నడి వేసవిలో ఉరుములతో ఒక వాన పడిందంటే మడుల్లో తయారైనదంతా కరిగి మళ్ళీ మొదటికొస్తుంది. మా మామగారు అలాంటి ఒక వాన సాయంత్రమే కుప్ప మీద తాటాకులు కప్పబోయి పిడుగుపాటుకు పోయారట. నేను ఆ ఇంటికి రాకముందు సంగతి అది. అప్పటి నుంచి మా అత్తకు ఆకాశాన మబ్బు తునక కనిపిస్తే అన్నం సయించేది కాదు. అరుగు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని పడమటికే చూస్తూ ఉండేది.

ఆ ఇంట్లో అత్త, బావగారు, ఆయన భార్య, మా ఆయన, నేను. బావగారి భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. జువ్వలదిన్నె వైపు ఆమె పుట్టిల్లు. పుట్టిందీ పెరిగిందీ సముద్రం పక్కనే. సన్నగా, నల్లగా, చూపుకు ఆనని మనిషి. పిల్లలు లేరు. కానీ ఆ ఇల్లంతా ఆమె చుట్టూ తిరిగేది. పొద్దు వాలే వేళకు అత్త ఆమెనే పిలిచేది.

“పెద్దమ్మాయ్, యెట్టుండాదే ఆకాశం?”

అక్క చేతిలో పని వదిలి పెరట్లోకి వెళ్ళేది. దిబ్బ ఎక్కి నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు పడమటికి చూసేది, మొహం అటూ ఇటూ తిప్పి గాలి పట్టుకునేది. తిరిగొచ్చి ఒకటే మాట అనేది. “రాదత్తా. పడుకో.” ఎప్పుడన్నా ఒకసారి “తాటాకులు కప్పమందాం” అనేది. అప్పుడు బావగారూ మా ఆయనా మారుమాట లేకుండా లేచి పోయేవాళ్ళు. “రాదత్తా” అన్నరోజు అత్త రెండు ముద్దలు తిని, గోడవైపు తిరిగి నిద్రపోయేది.

నేను వచ్చిన కొత్తలో ఇదంతా ముచ్చటగానే ఉండేది. తరవాత తరవాత ఆ మాట వింటుంటే నాకు గిట్టేది కాదు. నేను థర్డు ఫారం దాకా చదివినదాన్ని. ఇంటికి మగపిల్లవాణ్ణి కని ఇచ్చినదాన్ని. పిల్లవాడు పుట్టాక ఆ ఇంట్లో నా చోటు మారుతుందనుకున్నాను. మారలేదు. పైగా వాడు కూడా నా చంకలో గుక్కపెట్టి ఏడ్చి, అక్క చంకలోకి పోగానే గమ్మునయ్యేవాడు. అత్త అది చూసి మురిసిపోయేది. “చూసినావా, పెద్దమ్మాయి చెయ్యి తగిలితే చాలు” అనేది. నేను నవ్వేదాన్ని. నవ్వి పెరట్లోకి పోయి, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేదాన్ని.

అత్త నన్ను ఏనాడూ తిట్టలేదు. తిట్టి ఉంటే పుట్టింటికి పోయినప్పుడు చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది. నేను కాచే మా మెట్ట ఉలవచారులో ఉప్పెక్కువైనా నవ్వి ఊరుకునేది. చీర కొంటే ఇద్దరికీ ఒకే రకం కొనేది. కానీ పొద్దువాలే వేళ ఆ ఒక్క ప్రశ్న మాత్రం నన్ను అడిగేది కాదు. నేను పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నా సరే, నన్ను దాటి వంటింట్లోకి చూసి “పెద్దమ్మాయ్” అని కేకేసేది.

మాకు ఒక ఇంటి అవతల పంచాయతీ వాళ్ళ గది. అందులో ప్రభుత్వం ఇచ్చిన రేడియో, గోడ మీద పెద్ద గొట్టం. దీపాలు పెట్టే వేళకు మగవాళ్ళు అక్కడ చేరి వార్తలు వినేవాళ్ళు. ఆడవాళ్ళం పోకూడదు గానీ ఆ గొట్టం గొంతు మా పెరటిగోడ దాకా వచ్చేది. పిల్లవాడికి పాలిస్తూ గోడకు ఆనుకుని కూర్చుని వినడం అలవాటు చేసుకున్నాను. వార్తల చివర వాతావరణం చెప్పేవాళ్ళు. ఎక్కడ వానలు పడతాయో, ఎక్కడ ఉరుములో, సముద్రం మీదకు పోవచ్చో కూడదో. అవి మాట పొల్లుపోకుండా గుర్తుపెట్టుకునేదాన్ని. అక్కకు దిబ్బ ఉంటే నాకు రేడియో ఉందనుకున్నాను.

మొదటిసారి చెప్పినప్పుడు అత్త ఆశ్చర్యంగా చూసింది. “రేడియో వాడికి మన ఊరు తెలుసా?” అంది. బావగారు నవ్వాడు. నేను పట్టు వదలలేదు. రోజూ చెప్పేదాన్ని. రేడియోలో ఎప్పుడూ అక్కడక్కడా పడవచ్చు అనేవాళ్ళు. ఆ అక్కడక్కడాలో మా ఊరు ఉందో లేదో నాకేం తెలుసు? పడుతుందన్న రోజు చుక్క రాలేదు. ఒకసారి నా మాట విని మా ఆయన ఒక్కడే పోయి కుప్పంతా తాటాకులు కప్పి వచ్చాడు. ఆ రాత్రి చుక్కలు పిండి ఆరబోసినట్టున్నాయి. తెల్లారి అవన్నీ తీసి పక్కన పెట్టేటప్పుడు అక్క వచ్చి సాయం పట్టింది. ఒక్క మాట అనలేదు. అనకపోవడం నాకు ఇంకా మంటగా ఉంది.

అలా ఉండగా ఆ ఏడు నడివేసవి వచ్చింది. ఉప్పు బాగా దిగింది. అంత ఉప్పు మామగారు పోయాక చూడలేదని అత్త అంది. మడుల గట్టున కుప్ప ఇంటి చూరంత ఎత్తు లేచింది. దాన్ని బండ్ల మీద మెట్టన ఉన్న కొట్టుకు తోలించాలి. ఇవాళ రేపు అనుకుంటున్నారు.

ఆ రోజు ఉక్క విపరీతంగా ఉంది. చెమట కారి కళ్ళు మండేవి. దీపాలు పెట్టాక పెరటిగోడ దగ్గర కూర్చున్నాను. రేడియోలో మామూలు మాటలు కాకుండా కొత్త మాటలు వచ్చాయి. కోస్తా జిల్లాల్లోనూ, ఆనుకుని ఉన్న కొండ ప్రాంతాల్లోనూ పిడుగులతో పెద్ద వానలు పడవచ్చని, వాగులూ ఏర్లూ ఒక్కసారిగా పొంగే ప్రమాదం ఉందని, దిగువన ఉన్నవాళ్ళు జాగ్రత్తపడాలని చెప్పారు. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని లోపలికి పరుగెత్తాను. మగవాళ్ళు అన్నాలు తింటున్నారు.

“అత్తా, కొండల కాడ పెద్ద వానలంట. యేర్లు పొంగతాయంట. కుప్పను మెట్టకు తోలిచ్చేస్తే మంచిది,” అన్నాను.

బావగారు ముద్ద కలుపుతూ తల అడ్డంగా ఊపాడు. “ఎండాకాలంలో యేరు పొంగడమేందమ్మా? నేను పుట్టినకాడ్నించి చూళ్ళా.”

“మా ఊళ్ళో నేను చూసినా బావా. వాన యాడో పడతాది, మనకు చినుకు రాలదు. ఇసకలో చెలమ కాడ బిందె పెట్టి తిరిగి చూసేలోపల బిందె ఉండదు.”

“అది మీ ఊరు. ఇది మా ఊరు.”

మా ఆయన ఏదో అనబోయి అన్న మొహం చూసి ఆగిపోయాడు. అత్త నా వైపు చూడనే లేదు. వంటింటి గడప వైపు తిరిగింది.

“పెద్దమ్మాయ్, యెట్టుండాదే?”

అక్క దిబ్బ ఎక్కి చూసి వచ్చింది. నేను కూడా వెనకాలే పోయి చూశాను. పడమట చాలా దూరాన, మా పుట్టింటి దిక్కున, చప్పుడు లేకుండా మెరుపులు మెరుస్తున్నాయి. ఇటు మా నెత్తిన మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంది.

“ఆ మెరుపులు మనవి గావత్తా,” అంది అక్క. “మద్దేనమే సముద్రం గాలి తిరిగింది. మబ్బు ఇటు రాదు. పడుకో.”

అత్త పడుకుంది. రేడియో చెప్పిందంతా, నేను చెప్పిందంతా, ఆ ఒక్క మాటతో పోయింది. నేను పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని గోడకు ఆనుకుని, దేవుడా, ఒక్కసారి నా మాట నిజం చెయ్యి అని అనుకుంటూ ఎప్పటికో నిద్రపోయాను.

పొద్దున్నే వాన లేదు. మబ్బు లేదు. సముద్రం మీద నుంచి చల్లటి గాలి. పిల్లవాణ్ణి అత్త దగ్గర వదిలి అందరం మడులకు పోయాం. అక్క కుప్ప దగ్గర గంపలకు ఎత్తుతోంది. నేను ఇవతల గట్టున పలకతో ఉప్పు లాగుతున్నాను. బావగారు బండ్లవాళ్ళతో మాట్లాడొస్తానని ఊళ్ళోకి పోయాడు.

ముందు కాలవలో నీళ్ళు రంగు మారాయి. పోటు నీళ్ళు పచ్చగా, తేటగా వస్తాయి. ఇవి ఎర్రగా వచ్చాయి. మీద నురగ, తంగేడు కొమ్మలు, ఎండు పేడ, ఎవరిదో చేట ఒకటి తిరుగుతూ వచ్చింది. ఆ ఎరుపు నాకు తెలుసు. అది మా ఊరి చెలక మట్టి రంగు. నేను పలక పారేసి “యేరొచ్చేసింది” అని అరిచాను.

కింద నుంచి సముద్రపు పోటు తోస్తోంది, పైనుంచి కొండల నీళ్ళు వచ్చి పడుతున్నాయి. రెండూ కలిసి పోయే దారి లేక గట్ల మీదకు ఎక్కాయి. చూస్తుండగానే మడులన్నీ ఒకే నీళ్ళయ్యాయి. ఎక్కడ గట్టో ఎక్కడ మడో తెలియలేదు. పనివాళ్ళు మెట్టకు పరుగెత్తారు. మా ఆయన గట్టున కట్టేసిన మా ఎడ్లను విప్పడానికి అటు పోయాడు. అక్క మాత్రం కుప్ప దగ్గరే ఉంది. గంపకు ఎత్తుతూనే ఉంది. ఎత్తి, మోకాటి లోతు నీళ్ళల్లో నాలుగు అడుగులు నడిచి, పైగట్టు మీద పోసి, మళ్ళీ వెనక్కి పోతోంది.

“అక్కా, వదిలిపెట్టు! వచ్చేయ్!” అని అరిచాను. వినపడలేదో, వినలేదో. నీళ్ళు ఆమె తొడల దాకా వచ్చాయి. కుప్ప ఒక పక్క నుంచి జారి కూర్చుంది, అన్నం రాశి మీద పులుసు పోసినట్టు. నేను నీళ్ళల్లోకి దిగాను. అడుగున ఉప్పు కాళ్ళకు కోసుకుంటోంది. ఆమె జబ్బ పట్టుకుని లాగాను. గంప చేతిలోంచి జారి కొట్టుకుపోయింది.

“రాదన్నాను గదా,” అంటోంది ఆమె నా మొహంలోకి చూస్తూ. “నేను రాదన్నాను గదా.”

ఆ సమయంలో నాకు జాలి కలగలేదు. ఇప్పుడన్నా తెలిసిందా అనిపించింది. అట్లా అనిపిస్తూ ఉండగానే ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన తిరిగొచ్చి ఇద్దరినీ పైగట్టు మీదకు లాగాడు. అక్కడి నుంచి చూస్తూ నిలబడ్డాం. కుప్ప తెలుపు పోయి ఎర్రబడింది, పల్లమైంది, తరవాత అక్కడ ఏదో ఉండేదన్న గుర్తు కూడా లేదు. నెత్తిన మాత్రం ఎండ కాస్తూనే ఉంది. ఆ పల్లెలో ఒక్క చినుకు పడలేదు.

ఇంటికి చేరేసరికి అత్త గడపలో నిలబడి ఉంది. ఎవరో ముందే చెప్పినట్టున్నారు. ఆమె ఉప్పు సంగతి అడగలేదు. అక్కను చూడగానే రెండు చేతులూ చాపి దగ్గరకు లాక్కుంది. తువ్వాలు తెచ్చి తల తుడిచింది. చెంపలు నిమిరింది. “నువ్వు దక్కినావు, అంతే చాలు. ఉప్పేముండాది, రేపు మళ్ళీ కాస్తాది. నువ్వు దక్కినావు,” అంటూ ఏడ్చింది. అక్క ఆమె భుజం మీద తల పెట్టి వెక్కుతోంది.

నేను తడిచీరతో గడప బయటే నిలబడ్డాను. చీర అంచుల నుంచి ఎర్రనీళ్ళు కారి అరుగు మీద మడుగు కట్టాయి. నిన్న రాత్రి చెప్పింది నేనే కదా అని ఎవరో ఒకరు అంటారని చూశాను. అత్త తల ఎత్తి నన్ను చూసింది.

“మీ యేటి నీళ్ళే గదమే,” అంది, “మా ఉప్పును మింగేసింది.”

కోపంతో అనలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది. కానీ ఆ మాట నాలోపల ఎక్కడో దిగిపోయింది. చెప్పింది నేను. నీళ్ళల్లోకి దిగి చెయ్యి పట్టుకు లాగింది నేను. తప్పు చెప్పిన మనిషికి తువ్వాలు, నాకు మా ఊరి నీళ్ళు. మా ఆయన పక్కకు వచ్చి, “నువ్వు చెప్పినావులే. నాకు గుర్తుండాది,” అని గొణిగాడు. ఆయన గుర్తు పెట్టుకుంటే నాకేం లాభం?

పెరట్లో గొడ్లపాక వెనక కూర్చుని ఏడ్చాను. కాసేపటికి అక్క వచ్చింది. పొడిచీర తెచ్చి నా ఒళ్ళో పెట్టి ఎదురుగా కూర్చుంది.

“మార్చుకో. పాలిచ్చే మనిషివి, జలుబు చేస్తాది.”

నేను చీర ముట్టుకోలేదు.

“నువ్వు చెప్పిందే నిజమయింది చెల్లీ. ఇంకమీదట నువ్వే చెప్పు అత్తకు.”

“నన్ను అడగాల గదా ఆమె,” అన్నాను. “నీకే గదా ఆకాశం తెలిసేది.”

అక్క చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీసింది. “నాకేం తెలుసు చెల్లీ?” అంది. “గాలి యెటుందో సూస్తా, అంతే. అది ఊళ్ళో అందరికీ తెలుసు. మామ పోయినప్పుడు అత్త నెల్లాళ్ళు నిద్రపోలా. ఒకరోజు నేనే రాదత్తా, పడుకో అన్నా. ఊరికే అన్నా. నిద్రపోయింది. ఆ రోజు వాన రాలా. అప్పుటినించీ రోజూ అడగతాది, నేను రోజూ అదే చెప్తా. మబ్బు మరీ కనిపిస్తే తాటాకులు కప్పమంటా. అంతకుమించి నా కాడేముంది?”

ఇన్నాళ్ళూ ఆమెకు తెలుసు, నాకు తెలియదు అని కుళ్ళుకున్నాను. గోడ పక్కన కూర్చుని రేడియో మాటలు బట్టీ పట్టాను. అత్త వాన గురించి అడగడం లేదనీ, నిద్ర అడుగుతోందనీ నాకు ఒక్కరోజైనా తట్టలేదు. ఈమెకు ఎట్లా తట్టింది? తెలివైతే నేర్చుకోగలను. ఇది ఎవరి దగ్గర నేర్చుకోను? ఆ రోజుతో నా కుళ్ళు తగ్గిందని చెప్పను. ఇంకా పెరిగింది.

ఆ ఏడు ఉప్పు లేదు. మడుల్లో పేరుకున్న ఎర్రమట్టి ఎత్తి పోసుకోవడానికే ఎండాకాలం అయిపోయింది. తరవాత రెండు మూడేళ్ళకు బావగారు ఉప్పు మీద విసుగుపుట్టి సూళ్లూరుపేటలో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. అక్క వెళ్ళేరోజు మా పిల్లవాడు ఆమె చీర పట్టుకుని వదల్లేదు. నేనే వాడి వేళ్ళు విడిపించాను.

అత్త రెండిళ్ళ మధ్య తిరిగేది. చలికాలం మా దగ్గర, ఎండాకాలం వాళ్ళ దగ్గర. అక్కడ ఉప్పు లేదు కాబట్టి మబ్బు భయం లేదని అనేది. నిజమే కావచ్చు. మాఘమాసం దాటగానే మూట కట్టుకుని కూర్చునేది. గూడూరులో రైలెక్కించడానికి మా ఆయన తీసుకుపోతుంటే, గడపలో నిలబడి ఆమె నడకను చూసేదాన్ని. వచ్చేటప్పుడు నెమ్మదిగా వచ్చే మనిషి, పోయేటప్పుడు చకచకా పోయేది. లేదా నాకట్లా అనిపించేదేమో.

అరవైల చివర్లో, ఒక ఎండాకాలం, సూళ్లూరుపేటలోనే ఆమె పోయింది. కబురు అందేసరికి ఆలస్యమై, మేం చేరేటప్పటికి అంతా అయిపోయింది. పదకొండో రోజు వంటలకు నేనూ అక్కా వంటింట్లో కూర్చున్నాం. అక్క జుట్టు సగం నెరిసింది. వంకాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా అంది.

“కడాకు ఉలవచారు అడిగింది చెల్లీ. మంచాన పడినాక. చిన్నమ్మాయి చేసేది, మెట్టోళ్ళ చారు, అది కావాలనింది. చేసి పెట్టినా. ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేసింది. దాని చెయ్యి గాదే ఇది అనింది.” కత్తిపీట మీద చెయ్యి ఆగింది. “అంత చేసినా గదా నేను, నాకెంత కడుపు మండిందో. నీ మీద పీకల్దాకా కోపమొచ్చింది.”

“నన్ను పిలిపిచ్చి ఉండచ్చు గదా,” అన్నాను.

“పిలిపిస్తే నువ్వొచ్చి చేసి పెడతావు. ఆమె తాగతాది.” ఇంకో వంకాయ చేతిలోకి తీసుకుని, “అందుకే పిలిపిచ్చలా,” అంది.

ఆ మాట మీద నాకు కోపం రావలసింది. రాలేదు. సంతోషమైంది, దాచిపెట్టలేనంత సంతోషం. ముసలామెను ఆఖరుసారి చూసుకోలేకపోయానన్న దుఃఖం ఉండగానే, ఆ సంతోషం దాని పక్కన వచ్చి కూర్చుంది. అక్క నా మొహం చూసి అది పట్టేసింది.

“నవ్వతావుండావా?” అంది.

“లేదక్కా.”

“నవ్వు. నేనైనా నవ్వేదాన్నే.”

వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళల్లో వేసి, నేను పొయ్యి దగ్గరకు జరిగి మంట ఎగదోశాను. బయట బంధువులు ఒక్కొక్కరే వస్తున్నారు.